రాతిలో నిప్పు – 7: నాలుగో గ్రిఫిన్ బావి

1997లో ఉత్తర టెక్సస్‌లోని ఒక గ్యాస్ బావి దగ్గర జిగురు కుదర్లేదు.

బావి తవ్వడం అప్పటికే అయిపోయింది. ఉక్కు గొట్టం దించారు, దాని చుట్టూ సిమెంటు పోశారు. ఇక మిగిలింది అడుగున ఉన్న నల్లరాతిని పగలగొట్టడం. అందుకోసం లారీల మీద వచ్చిన పంపులు బావి చుట్టూ వరసగా నిలబడ్డాయి. ఆ పంపుల్లోకి వెళ్లాల్సింది చిక్కటి జిగురు. వేలితో ఎత్తితే తీగలా సాగాలి, చీలిక మళ్లీ మూసుకోకుండా ఆపే ఇసుకరేణువుల్ని తనలో పట్టి నిలపాలి. ఆరోజు కలపడంలో పాళ్లు తప్పి, జిగురు పల్చగా జావనీళ్లలా వచ్చింది. అయినా లోపలికి కొట్టేశారు. తర్వాత ఆ బావి పనికిరాకుండా పోలేదు, పర్లేదనిపించేంత గ్యాస్ ఇచ్చింది.

దీన్ని మనసులో పెట్టుకున్నవాడు మిచెల్ ఎనర్జీ కంపెనీ ఇంజినీరు నిక్ స్టైన్స్‌బర్గర్. అప్పటికి ముప్పై దాటిన వయసు. చిక్కగా ఉండాల్సింది నీళ్లలా ఉన్నా బావి పనిచేసిందంటే, ఇంతకాలం లక్షల డాలర్లు పోసి ఆ జిగురు కొంటున్నది ఎందుకు? ఈ వారం మన కథ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ జిగురు సంగతి. అది మనకు పరాయిది కాదు. వేపుడుకో కూరకో తరుక్కునే గోరుచిక్కుడు కాయను లేతగా కోయకుండా చెట్టునే ముదరనిస్తే, లోపల చిన్న గట్టి గింజలు వస్తాయి. ఆ గింజ పొట్టు తీసి, మధ్యలోని తెల్లటి పప్పును పిండి పట్టి నీళ్లలో కలిపితే చిక్కటి బంక తయారవుతుంది. ప్రపంచానికి కావలసిన గోరుచిక్కుడు గింజలో ఎక్కువ భాగం పండేది మన దేశంలోనే, అందులోనూ రాజస్థాన్ ఎడారి జిల్లాల్లో. అక్కడ దాని పేరు గ్వార్. ఐస్‌క్రీముల్లో, సాసుల్లో వాడే ఈ పిండిని అమెరికా చమురు కంపెనీలు దశాబ్దాలుగా బావుల్లోకి పోస్తున్నాయి. బోరాన్ లవణం కాస్త కలిపితే ఆ బంక ఇంకా బిగుసుకుని ఇసుకను మైలు లోతుకు మోసుకెళ్తుంది. పని అయ్యాక దాన్ని మళ్లీ పల్చన చేసే రసాయనం వేరు. ఈ కూర్పులో ప్రతి దానికీ డబ్బే.

రాతిని ఎందుకు పగలగొట్టాలి? బోరు వేయించినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. నాలుగు వందల అడుగులు దిగినా తెల్లటి పొడి దుమ్మే లేస్తుంటే బోరుబండి దగ్గర నిలబడ్డ రైతు ముఖం ఎలా ఉంటుందో మనకు తెలుసు. గట్టి రాయి మధ్య గ్యాప్ తగిలితేనే నీరు. షేల్ అనే ఆ నల్లరాతి కష్టం ఇంకో రకం. బార్నెట్ అనే నల్లటి పొర డాలస్, ఫోర్ట్‌వర్త్ నగరాల పడమర వైపు సుమారు ఏడెనిమిది వేల అడుగుల లోతులో పరుచుకుని ఉంది. ముప్పై కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగు బురద అది. అందులో కుళ్లిన జీవపదార్థమే ఉడికి గ్యాస్ అయింది. ఇక్కడ గ్యాస్ లేదన్న దిగులు లేదు. రాతి నిండా ఉంది, కదలడానికి దారి లేదు. మామూలు ఇసుకరాతి గ్యాస్ బావితో పోలిస్తే ఈ రాతిలో పదార్థం పారే సౌలభ్యం సుమారు పది లక్షల రెట్లు తక్కువ. గ్యాప్‌లు మనమే చేసిపెట్టాలి.

ఈ ఆలోచన 1997 నాటిది కాదు. దాని వంశవృక్షం చూడాలంటే యుద్ధభూమికి వెళ్లాలి.

అమెరికా అంతర్యుద్ధంలో, 1862 డిసెంబరులో, వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర పోరాడినవాళ్లలో ఎడ్వర్డ్ రాబర్ట్స్ అనే అధికారి ఒకడు. ఫిరంగి గుండ్లు ఒక ఇరుకు కాలవ నీళ్లలో పడి పేలడం అక్కడ చూశాడు. నీటి బరువు మూతలా పని చేసి పేలుడు దెబ్బను పక్కలకు నెట్టింది. గత వారం చెప్పుకున్న, పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ చమురు బావులు అప్పటికే జిడ్డు మైనం పట్టి మూసుకుపోతున్నాయి. రాబర్ట్స్ 1865 జనవరిలో ఆ ఊరికి దగ్గర్లో ఉన్న ఒక బావిలోకి మందుగుండు కూరిన ఇనుప గొట్టాన్ని తీగకు కట్టి దించాడు. పైన బావి నిండా నీళ్లు పోశాడు. తర్వాత అదే తీగ మీదుగా ఓ ఇనుప బరువు జార్చాడు. అది పోయి కింద గొట్టం నెత్తిన తగలగానే మందు పేలింది. బావిలో చమురు మళ్లీ ఊరింది.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఆయనకు పేటెంటు దక్కింది. ఒక్కో పేలుడుకు వంద నుంచి రెండొందల డాలర్లు, పెరిగిన దిగుబడిలో పదిహేనో వంతు వాటా. త్వరలోనే మందుగుండు స్థానంలో నైట్రోగ్లిజరిన్ వచ్చింది. కుదుపుకే పేలే ఆ ద్రవాన్ని గుర్రపు బండ్లలో కొండ దారుల వెంట మోసినవాళ్లలో కొందరు బావి దాకా చేరలేదు. ఆ రేటు ఇవ్వలేని బావుల యజమానులు రాత్రిపూట దొంగచాటుగా పేల్పించుకునేవారు. వెన్నెల్లో వచ్చి పోయే ఆ పనివాళ్లకు మూన్‌లైటర్లని పేరు పడింది. పేటెంటు కాపాడుకోవడానికి రాబర్ట్స్ కోర్టుల చుట్టూ తిరిగి పెట్టిన ఖర్చు లక్షల డాలర్లలో ఉంది.

పేలుడు పదార్థం బావి గోడను ముక్కలు చేస్తుంది, దూరం పోలేదు. దూరం పోవాలంటే ఒత్తిడి నిలకడగా ఉండాలి. ద్రవంతో ఆ పని చేసిన మొదటి ప్రయోగం 1947లో, కాన్సాస్ రాష్ట్రంలోని హ్యూగోటన్ గ్యాస్ క్షేత్రంలో, స్టానోలిండ్ కంపెనీ తరఫున జరిగింది. వెయ్యి గ్యాలన్ల పెట్రోలును నేపామ్‌తో చిక్కబరిచి 2,400 అడుగుల లోతున ఉన్న సున్నపురాతిలోకి కొట్టారు. ఊళ్లను కాల్చడానికి రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన పదార్థమే ఇక్కడ రాతిని చీల్చడానికి పనికొచ్చింది. మొదటి బావి దిగుబడి ఏమంత పెరగలేదు. అయినా పద్ధతి మీద పేటెంటు తీసుకుని హాలిబర్టన్ కంపెనీకి హక్కులిచ్చారు. 1949 మార్చి 17న ఓక్లహోమాలో ఒకటి, టెక్సస్‌లో ఒకటి, వ్యాపార ప్రాతిపదికన రెండు బావుల్ని చీల్చారు. ఆ ఒక్క ఏడాదిలోనే మూడు వందలకు పైగా బావులకు ఈ చికిత్స జరిగింది.

ఇంకో దారీ తొక్కారు. చరిత్రలో దాన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. 1967 డిసెంబరు 10న న్యూ మెక్సికోలో 4,000 అడుగులకు పైగా లోతులో 29 కిలోటన్నుల అణుబాంబు పేల్చారు, గ్యాస్ కోసం. హిరోషిమా మీద పడ్డదానికి ఇంచుమించు రెట్టింపు శక్తి. రాయి చితికింది, గ్యాస్ వచ్చింది. ఆ గ్యాస్‌లో రేడియోధార్మిక ట్రిటియం ఉంది. వంటింటి పొయ్యిలోకి పంపగలిగే గ్యాస్ కాదది. అయినా ఆపలేదు, 1969లో, 1973లో కొలరాడోలో మళ్లీ పేల్చారు. ఆ తర్వాతే మానుకున్నారు. రాతిని బలంతో లొంగదీయాలనే పట్టుదల ఎంతవరకు పోగలదో ఆ మూడు గుంతలు చూపిస్తాయి.

ఇప్పుడు మళ్లీ టెక్సస్‌కు.

సావాస్ పరాస్కెవోపౌలోస్ గ్రీసులో మేకలు కాసుకున్న మనిషి. 1901లో అమెరికా వచ్చి రైలు పట్టాల పనిలో చేరాడు. జీతాలిచ్చే గుమాస్తాకు ఆ పేరు నోరు తిరగలేదు. ఆ గుమాస్తా పేరు మైక్ మిచెల్. ఈయనా అదే పేరు పెట్టుకున్నాడు. గాల్వెస్టన్ రేవులో బట్టల ఇస్త్రీ, బూటు పాలిష్ దుకాణం నడిపాడు. ఆ ఇంట్లో 1919లో పుట్టినవాడు జార్జ్ మిచెల్. టెక్సస్ ఎ అండ్ ఎంలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ పెట్రోలియం ఇంజినీరింగ్ చదివి 1940లో బయటపడ్డాడు.

1952లో షికాగోలో గుర్రప్పందేల బుకీ ఒకడు చెప్పిన కబురు పట్టుకుని, ఫోర్ట్‌వర్త్‌కు వాయవ్యంగా వైజ్ కౌంటీలో తవ్వాడు. అంతకుముందు అక్కడ తవ్వినవాళ్లంతా చేతులు కాల్చుకున్నారు. మిచెల్‌కు గ్యాస్ పడింది. ఆ గ్యాస్‌ను షికాగోకు పంపే ఒక పైపులైను కంపెనీతో దీర్ఘకాల ఒప్పందం కుదిరింది. ధర బాగుంది. కానీ పైపైన ఉన్న ఆ పొరలు ఏదో ఒకరోజు ఖాళీ అవుతాయి. వాటి కిందే బార్నెట్ ఉంది. తవ్వేటప్పుడు ఆ పొర దాటితే చాలు, తవ్వకానికి వాడే బురదలో గ్యాస్ జాడ చూపించేది. 1981లో సి.డబ్ల్యు. స్లే నెంబర్ 1 అనే బావిలో మొదటిసారి దాన్ని పగలగొట్టి చూశారు. లాభం లేదు.

ఆ ఓటమి తర్వాత ఆయన ఇంకో పదిహేడేళ్లు అదే రాతిని పట్టుకుని వేలాడాడు. సొంత కంపెనీలోనే చాలామంది ఇంజినీర్లు, డైరెక్టర్లు ఇక చాలన్నారు. ఆయన వినలేదు.

ఆ పట్టుదలను తక్కువ చేయను. కానీ జార్జ్ మిచెల్ ఒక్కడే షేల్ గ్యాస్‌ను తెచ్చాడని రాసే కథలు సగమే చెప్తాయి. 1976లో అమెరికా ప్రభుత్వం తూర్పు రాష్ట్రాల షేల్ మీద పరిశోధన పథకం మొదలుపెట్టింది. రాతి నమూనాలు తీసింది, ప్రయోగాత్మక బావులకు డబ్బిచ్చింది. 1980లో కాంగ్రెస్ ఇలాంటి కష్టపు గ్యాస్‌కు పన్ను రాయితీ పెట్టింది. 1992 చివరిదాకా తవ్విన బావులకు అది వర్తించింది. గ్యాస్ వాడేవాళ్ల బిల్లుల్లోంచి వచ్చే సుంకంతో నడిచిన గ్యాస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ 1991లో మిచెల్ బార్నెట్‌లో తవ్విన మొదటి అడ్డబావికి, అంటే లోతున అడ్డంగా సాగే బావికి, తోడు నిలిచింది. ఆ బావి లాభం తేలేదు, దాంట్లోంచి తీసిన రాతి సమాచారం మాత్రం మిగిలింది. షికాగో ఒప్పందమూ ఈ జాబితాలోదే. మార్కెట్ కంటే మెరుగైన ఆ ధర ఉండబట్టే ఓడిపోయే బావుల మీద డబ్బు పెట్టగలిగాడు.

ఆ ఒప్పందం 1997తో ముగిసింది. మార్కెట్లో వెయ్యి ఘనపుటడుగుల గ్యాస్ రెండు డాలర్ల చుట్టూ ఆడుతోంది. జిగురుతో పగలగొట్టిన బార్నెట్ బావి ఆ ధరకు గిట్టదు. పైగా 1996లో వైజ్ కౌంటీ జ్యూరీ ఒకటి, బావి నీళ్లు పాడయ్యాయని దావా వేసిన కుటుంబాల పక్షాన మిచెల్ కంపెనీ మీద 20 కోట్ల డాలర్లకు పైగా తీర్పిచ్చింది. మరుసటి ఏడాది పైకోర్టు దాన్ని కొట్టేసింది కానీ, ఆ నడుమ కాలం కంపెనీకి గండమే. ఖర్చు తగ్గించండి, లేదంటే బార్నెట్ వదిలేయండి. స్టైన్స్‌బర్గర్ ముందున్న లెక్క ఇదీ.

తూర్పు టెక్సస్‌లో ఇంకో కంపెనీ ఇంజినీర్లు జిగురు మానేసి, నీళ్లలో ఘర్షణ తగ్గించే రసాయనం రవ్వంత కలిపి, ఇసుక తగ్గించి రాతిని చీలుస్తున్నారని ఆయన విన్నాడు. కానీ అక్కడిది ఇసుకరాయి. షేల్ అంటే బంకమట్టి గట్టిపడ్డ రాయి. నల్లరేగడి చేను చూసినవాళ్లకు తెలుసు, ఎండకు నెర్రెలిచ్చిన ఆ మట్టి ఒక్క వానకు ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుంటుంది. షేల్‌కు నీళ్లు తగిలినా అంతే అవుతుందని, లోపలున్న కాస్త దారి కూడా పూడుకుపోతుందని చమురు పనివాళ్లందరి నమ్మకం. తప్పుడు నమ్మకం కూడా కాదు, ఎన్నో చోట్ల అనుభవం మీద తేలిందే. అలాంటి రాతిలోకి లక్షల గ్యాలన్ల నీళ్లు పోస్తానని ఒకడు వస్తే పెద్దవాళ్లు ఏమంటారు? అయినా కొన్ని బావుల మీద ప్రయత్నించడానికి అనుమతి దొరికింది. ఓడిపోతే పోయేది తక్కువ, ఎందుకంటే నీళ్లు చవక.

1997లో చేసిన మొదటి ప్రయత్నాలు నిరాశపరిచాయి. పల్చటి నీళ్లు ఇసుకను మోయలేవు. వేగం ఎక్కువుంటేనే కొట్టుకుపోతుంది, వేగం తగ్గితే అడుగున పేరుకుని దారి బిగిస్తుంది. స్టైన్స్‌బర్గర్ ఇసుకను ముందు చాలా తక్కువగా, తర్వాత మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయే పద్ధతి పట్టాడు. అలా 1998 వేసవి నాటికి డెంటన్ కౌంటీలో ఎస్.హెచ్. గ్రిఫిన్ ఎస్టేట్ నెంబర్ 4 వంతు వచ్చింది.

కొత్త బావి మొదట్లో బాగానే కనిపిస్తుంది. గ్యాస్ హోరుమని వస్తుంది, ఓ నెల గడిచేసరికి ఒత్తిడి పడిపోతుంది. బార్నెట్ బావుల జాతకమే అది. గ్రిఫిన్ నాలుగు పడిపోవాల్సినంత పడిపోలేదు. మూడు నెలలు దాటాక కూడా రోజుకు పది లక్షల ఘనపుటడుగులకు పైగా ఇస్తూ, ఆ కంపెనీ అప్పటిదాకా బార్నెట్‌లో చూసిన బావులన్నిటినీ మించింది. చీల్చడానికైన ఖర్చేమో జిగురు ఖర్చులో ఇంచుమించు సగం. డబ్బు మిగిలితే చాలనుకుని వేసిన అడుగు రాతినే తెరిచింది.

ఎందుకిలా జరిగింది? జవాబు రాతిలో ఉంది. బార్నెట్ పేరుకు షేల్ అయినా అందులో బంకమట్టి తక్కువ, సిలికా ఎక్కువ. నల్లరేగడిలా ఉబ్బే గుణం దానికి లేదు, పెంకులా పెళుసు. కోట్ల ఏళ్ల కింద పడ్డ సన్నటి పగుళ్లు దాని నిండా ఉన్నాయి, వాటిని సున్నపు ఖనిజం అతికి మూసింది. చిక్కటి జిగురును బలంగా కొడితే ఒకే పెద్ద చీలిక నిటారుగా సాగుతుంది, పోయిన చోటల్లా బంక అవశేషం మిగిల్చి దారినే మూస్తుంది. పల్చటి నీరు సందు దొరికిన ప్రతిచోటికీ దూరుతుంది. అతుకులు విడదీసి, ఒక చీలికలోంచి మరో చీలికలోకి పోయి, చెట్టు వేళ్లలా అల్లుకుంటుంది. ఇసుక తక్కువైనా, పెళుసు రాతి అంచులు కాస్త జరిగి మళ్లీ సరిగ్గా అతుక్కోవు, సందు మిగిలిపోతుంది.

ఈ వివరణ అంతా తర్వాత తెలిసిందే. గ్రిఫిన్ బావి నాడు ఎవరికీ ఇంత స్పష్టత లేదు. కంపెనీలో చేరిన భూగర్భ శాస్త్రజ్ఞుడు కెంట్ బౌకర్ రాతి నమూనాలు కొత్తగా తీయించి లెక్క కట్టించాడు. బార్నెట్‌లో ఉన్న గ్యాస్ పాత అంచనాకంటే చాలా ఎక్కువని తేలింది. చీలికలు సాగేటప్పుడు రాతిలో పుట్టే అతి సన్నటి అదుర్లను పక్క బావిలో దించిన పరికరాలు వింటే, నీళ్లు ఎంత వెడల్పున అల్లుకున్నాయో పటం గీయగలిగారు. జిగురు పోసి నీరసించిన పాత బావుల్లోకి కూడా నీళ్లు కొట్టారు. అవీ లేచి కూర్చున్నాయి.

ఇక్కడితో సగం పనే అయింది. నిట్ట నిలువు బావి మూడు నాలుగు వందల అడుగుల మందం ఉన్న పొరను సూదితో గుచ్చినట్టు దాటిపోతుంది. పైగా డెంటన్, వైజ్ కౌంటీల్లో బార్నెట్ కింద వయోలా అనే గట్టి సున్నపురాయి ఉండి చీలికను ఆపుతుంది. పడమరకు, దక్షిణానికి పోతే వయోలా లేదు. అక్కడ బార్నెట్ నేరుగా ఎలెన్‌బర్గర్ అనే రాతి మీద కూర్చుంది, ఆ రాతి నిండా ఉప్పునీళ్లు. చీలిక అందులోకి దిగితే బావి మునిగినట్టే. ఆ ప్రాంతాలు తెరవాలంటే బావి పొరలోకి దిగి, అడ్డం తిరిగి, పొర వెంటే నడవాలి.

మన మెట్ట ప్రాంతాల్లో నీళ్లు ఇంకిన పెద్దబావి గోడల్లోకి పక్క బోర్లు వేయడం పాత అలవాటే. కానీ మనిషి దిగి నిలబడే బావి అది. ఏడు వేల అడుగుల కింద ఉక్కు కడ్డీల వరసను ఎలా మలుపు తిప్పాలి? తిప్పే చోటు కొసనే ఉంది. బావిలోకి నిరంతరం పంపే బురద ఒత్తిడితోనే తిరిగే మోటారును రాతిని కొరికే బిట్ వెనకాల పెడతారు, ఆ మోటారు గొట్టానికి డిగ్రీ రెండు డిగ్రీల వంపు ఉంటుంది. పైన కడ్డీలు తిప్పకుండా ఆపి, కింద మోటారును మాత్రం తిప్పితే బిట్ ఆ వంపు వైపే కొరుక్కుంటూ పోతుంది. వందల అడుగులు సాగేసరికి నిలువు కాస్తా అడ్డం అవుతుంది. ఎటు పోతున్నామో చెప్పే పరికరం బిట్ వెనకే ఉంటుంది. తీగ లేకుండా, కడ్డీల్లోంచి కిందికి దిగే బురద ఒత్తిడిలోనే చిన్న చిన్న తరంగాలుగా ఆ సంగతి పైకి కొడుతుంది. ఈ కొలత పద్ధతి 1978 నాటికి వ్యాపారంలోకి వచ్చింది. ఫ్రాన్సులో, ఇటలీ తీరంలో 1980ల మొదట్లోనే అడ్డబావులు విజయం సాధించాయి. టెక్సస్‌లోనే ఆస్టిన్ చాక్ అనే సుద్దరాతిలో 1990 ప్రాంతంలో పెద్ద హడావిడి నడిచింది. అంటే పరికరాలన్నీ ఉన్నాయి. బార్నెట్‌లో కలపడమే మిగిలింది.

జార్జ్ మిచెల్ కంపెనీని 2001 ఆగస్టులో డెవన్ ఎనర్జీ కొనడానికి ఒప్పుకుంది, అప్పులతో కలిపి 350 కోట్ల డాలర్లకు. 2002 జనవరిలో చేతులు మారింది. అడ్డబావుల అనుభవం డెవన్‌కు ఉంది, నీళ్ల కిటుకు మిచెల్ మనుషులకు ఉంది. ఆ ఏడాదే రెండూ కలిశాయి.

ఆ కలయికలోంచి స్థిరపడ్డ పని తీరు ఇవాళ్టికీ నడుస్తోంది, దగ్గరగా చూద్దాం. అడ్డబావి కొసదాకా గొట్టం దించి సిమెంటు చేశాక అది మూసిన గొట్టమే, ఎక్కడా బెజ్జం లేదు. మొదట కొసనుంచి మొదలుపెడతారు. తీగ కొసన ఒక తుపాకీ. అది బొమ్మ తుపాకీ ఆకారంలో ఉండదు, నిలువెత్తు ఉక్కు గొట్టం, చుట్టూ గుండ్రటి గుంతల్లో పేలుడు గిన్నెలు. నిలువు భాగంలో తన బరువుకే దిగుతుంది. అడ్డం తిరిగిన చోట బరువు సాయం చేయదు కాబట్టి మొదటిసారి సన్నటి గొట్టంతో నెడతారు, కొసన బెజ్జాలు పడి నీళ్లకు దారి దొరికాక వెనక నుంచి నీళ్లు కొట్టి నెడతారు. చోటు చేరగానే పైనుంచి కరెంటు మీట నొక్కితే పేలుడు గిన్నెలు సన్నటి లోహపు ధారలై ఉక్కునూ, సిమెంటునూ, కొంత రాతినీ తొలుచుకుపోతాయి. ఇవే బెజ్జాలు. తుపాకీ పైకి లాగేసి పంపులు మొదలుపెడతారు. చదరపు అంగుళానికి వేల పౌండ్ల ఒత్తిడి, రాయి విడిపోయే క్షణాన పైన ముల్లు కాస్త తగ్గుతుంది. అది చూసేందుకే కంట్రోల్ వ్యానులో కూర్చున్న మనిషి కళ్లు తెర మీదే ఉంటాయి. తర్వాత ఇసుక. మొదట తక్కువ, తర్వాత ఎక్కువ. చివర శుభ్రమైన నీళ్లు.

ఒక అంకం అయ్యాక, పగలగొట్టిన భాగానికి ఇవతల ఒక ప్లగ్గు బిగించి, దాని ఇవతల మళ్లీ తుపాకీ, మళ్లీ పంపులు. ఇలా కొసనుంచి, బావి అడ్డం తిరిగే మడమ దాకా వెనక్కి వస్తూ పది, ఇరవై, ఇవాళ ఇంకా ఎక్కువ అంకాలు. అన్నీ అయ్యాక ప్లగ్గులన్నీ వరసగా తొలిచేసి బావిని వదిలేస్తే ముందు నీళ్లు వస్తాయి, వాటి వెనక గ్యాస్.

2000లో అమెరికా గ్యాస్‌లో షేల్ వాటా నూటికి ఒకటి మాత్రమే. 2010 నాటికి ఇరవైకి మించింది.

నీళ్ల లెక్క కూడా చెప్పాలి, అది చెప్పకుండా ఈ కథ చెప్పడం తప్పు. నీళ్లు చవకని మొదలైన పద్ధతి ఇది. ఒక అడ్డబావికి నలభై లక్షల గ్యాలన్లు పట్టిందనుకోండి, అంటే కోటిన్నర లీటర్లు. వేసవిలో మన పల్లెల్లోకి వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు వేలు. అందులో కొంతే తిరిగి వస్తుంది, ఉప్పుతో, లోతు రాతిలోని లోహాలతో కలిసి. ఆ మురికి నీటిని మళ్లీ లోతైన బావుల్లోకి దించుతారు. 2008, 2009ల్లో డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం పరిసరాల్లో చిన్న చిన్న భూకంపాలు వచ్చాయి. దగ్గర్లోని మురికి నీటి బావితో వాటికి సంబంధం ఉందని పరిశోధకులు చెప్పారు. ఓక్లహోమాలో ఇదే కారణంగా భూమి కంపించిన తీరు మరింత తీవ్రం, 2016లో అక్కడ 5.8 తీవ్రత నమోదయింది. 2005లో అమెరికా కాంగ్రెస్ ఫ్రాకింగ్‌ను, అంటే ఇలా ద్రవంతో రాతిని చీల్చే పనిని, తాగునీటి రక్షణ చట్టం పరిధి నుంచి చాలావరకు తప్పించింది. ఇంటి పక్కన బావి తవ్వుతుంటే, నా నీళ్లకు కాపలా ఎవరని అడిగే మనిషికి ఆ చట్టం ఏ జవాబూ ఇవ్వలేదు.

గ్రిఫిన్ బావి ఉన్న కౌంటీకి ముఖ్యపట్టణం డెంటన్. 2014 నవంబరులో ఆ ఊరి ఓటర్లు ఊరి పరిధిలో ఫ్రాకింగ్ వద్దని నిర్ణయించారు. ఆరు నెలలకే టెక్సస్ శాసనసభ, ఊళ్లు అలాంటి నిషేధం పెట్టే వీలు లేకుండా చట్టం చేసింది. 2015 జూన్‌లో ఊరి కౌన్సిలే నిషేధాన్ని ఎత్తేసింది. జార్జ్ మిచెల్ అప్పటికి లేడు, 2013 జూలైలో 94 ఏళ్ల వయసులో పోయాడు. పోవడానికి ఏడాది ముందు, ఈ పనికి కఠినమైన నిబంధనలు కావాలని పత్రికలో బహిరంగంగా రాసినవాళ్లలో ఆయన ఒకడు. ఆ మాట ఆయనే అనడం నాకు ముఖ్యంగా అనిపిస్తుంది.

గోరుచిక్కుడు ఏమైంది? నీళ్లు గెలిచాయి కాబట్టి జిగురు పని అయిపోయిందనుకుంటే పొరపాటు. గ్యాస్ సన్నటి సందులోంచైనా జారుకుని వస్తుంది, చమురు అలా రాదు. దానికి వెడల్పైన చీలిక, లావుపాటి ఇసుక, ఆ ఇసుకను మోసే చిక్కదనం కావాలి. బార్నెట్‌లో నేర్చిన పద్ధతితో కంపెనీలు ఉత్తర డకోటా, దక్షిణ టెక్సస్ షేల్ చమురు మీదికి ఉరికినప్పుడు మళ్లీ జిగురు వెతుక్కున్నాయి. రాజస్థాన్‌లో ఎడారి రైతు వానను నమ్మి చల్లిన పంట అంత పెద్ద ఆకలి తీర్చాలి. 2012 మార్చి నాటికి జోధ్‌పూర్ మార్కెట్లో గ్వార్ పిండి ధర క్వింటాలు లక్ష రూపాయల దరిదాపుల్లోకి పోయింది. ఆ నెలలోనే ప్రభుత్వం దాని ఫ్యూచర్స్ వ్యాపారాన్ని ఆపేయించింది. ఆ ఏడాది ఎన్నడూ ఆ పంట వేయని జిల్లాల్లో కూడా గింజ కోసం గోరుచిక్కుడు చల్లారు. అనంతపురం వైపు మెట్ట చేలలోనూ ప్రయత్నాలు సాగాయి. కోతలు అయ్యేసరికి కంపెనీల గోదాముల్లో పిండి నిల్వలు పేరుకున్నాయి, జిగురుకు బదులు పదార్థాలు ల్యాబుల్లోంచి బయటికొచ్చాయి, ధర దిగడం మొదలైంది. లేత కాయగా కోసి అమ్ముకునే వీలున్న రైతు ఆ కాయలు కోసుకున్నాడు. గింజ కోసం ముదరబెట్టినవాడు బస్తాలు ఇంట్లో పేర్చుకుని తర్వాతి సీజను దాకా ధర కోసం చూశాడు.

(వచ్చే వారం: ఉత్తర డకోటా మంచులో బక్కెన్ చమురు)